గంటన్నర పుస్తకం

పూర్వం పుస్తకం మీద వెల ఒక్కటే వేసేవారు. ఇప్పుడు వేళ కూడా వేస్తున్నారు. ఫోనులో ఏ కథ తెరిచినా పేరు కింద "పన్నెండు నిమిషాలు" అనో, నవలిక అయితే "గంటన్నర" అనో ఒక లెక్క కనబడుతుంది. కొన్నిచోట్ల దాని పక్కనే సులభం, మధ్యమం, కఠినం అని తరగతి కూడా కట్టి ఉంటుంది. బెజవాడ బండి ఎన్ని గంటలకు చేరుతుందో చెప్పినట్టు, చదువరి ఆఖరి పుటకు ఎప్పుడు చేరతాడో ముందుగానే చెప్పేస్తారన్నమాట.

మంచిదే గదా అంటారా? మంచిదే. పండుగ సెలవుల్లో వచ్చేపోయే చుట్టాల మధ్య, పొయ్యి మీద పాకానికీ పొయ్యి కింద మంటకూ మధ్య, ఇంటి ఇల్లాలికి దొరికే తీరిక ఏపాటి? ఆ తీరికలో పట్టే పుస్తకం ఏదో తెలిస్తే మేలే. కాని చదువరి ఆ అంకెను పుస్తకం కొలతగా గాక తన కొలతగా తీసుకున్నప్పుడు వస్తుంది చిక్కు. ఆ చిక్కు ఈ మధ్య మా ఇంట్లోనే వచ్చింది.

మా మేనకోడలు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతోంది. పదో తరగతి వరకూ తెలుగు మాధ్యమం. సెలవుల్లో మా ఇంటికి వచ్చినప్పుడు పట్టుబట్టి రెండు ఇంగ్లీషు అపరాధ పరిశోధన కథలు చదివింది. రెండూ క్రిస్మస్ పండుగ నాటివే. మొదటిది కానన్ డాయిల్ రాసిన "బ్లూ కార్బంకుల్" కథ. 1892 జనవరిలో లండనులోని స్ట్రాండ్ పత్రికలో పడింది. రెండోది అగాథా క్రిస్టీ రాసిన "అడ్వెంచర్ ఆఫ్ ది క్రిస్మస్ పుడ్డింగ్" అనే నవలిక. 1923లో చిన్న కథగా అచ్చయినదాన్ని ఆవిడే పెంచి, నవలికగా చేసి, 1960లో పుస్తకానికి ఎక్కించింది. ఏటా పండుగ వేళకు క్రిస్టీ నవల ఒకటి బజారులోకి వచ్చేటట్టు ఆవిడ ప్రచురణకర్తలు చూసేవారు. మనకు దీపావళికి ప్రత్యేక సంచికల్లాగ, వారికి క్రిస్మస్‌కు క్రిస్టీ!

మా అన్నయ్య కొడుకు చిన్నప్పటినుంచీ ఇంగ్లీషు బడిలో చదువుకున్నవాడు. ఆ నవలికను ఒక్క సాయంత్రంలో ముగించాడు. ఫోను కూడా గంటన్నర లోపే అంది. మా మేనకోడలికి పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు ఉదయం నేను కాఫీ తాగుతుంటే పక్కన వచ్చి కూర్చుని, "మామయ్యా, నాకు బుర్ర లేదేమోనని అనుమానంగా ఉంది. డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం తీసుకుందామనుకున్నాను. ఇక మానేస్తాను. అమ్మతో మాత్రం అప్పుడే చెప్పకు" అంది.

గంటన్నర అన్న ఒక్క మాట ఒక పిల్ల చదువు దారి మళ్ళించబోతోంది. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. ఇంగ్లీషు సాహిత్యం తీసుకో, మానుకో అని చెప్పడం నా పని కాదు. అయినా ఆ లెక్క ఎలా పుట్టిందో విప్పి చూపించడం నా పనే అనిపించింది. ఆమెతో చెప్పిందే మీతోనూ చెబుతున్నాను.

మొదట వేళ సంగతి. పుస్తకంలోని మాటలన్నీ లెక్కపెడతారు. మనిషి నిమిషానికి చదివే మాటల సంఖ్యతో భాగిస్తారు. అంతకుమించి అందులో రహస్యం లేదు. బెల్జియం దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ బ్రిస్‌బార్ట్ 2019లో, అంతవరకు జరిగిన 190 పరిశోధనలను పోగుచేసి చూశాడు. ఇంగ్లీషు వచ్చిన పెద్దవాళ్ళు మనసులో చదువుకుంటే వ్యాసాల వంటివి నిమిషానికి 238 మాటలు, కథలు 260 మాటలు చదువుతారని తేల్చాడు. కథల్లో మాటలు పొట్టివి కాబట్టి ఆ వేగం. పైకి చదివితే 183. ఈ లెక్కన ఇరవై వేల మాటల నవలిక ఒకటి ఉందనుకోండి. మనసులో చదివితే గంటా పదిహేడు నిమిషాలు. పదిమందికి వినబడేలా చదివితే గంటా నలభైతొమ్మిది నిమిషాలు.

ఇప్పుడు అసలు మాట వినండి. ఈ 260 ఎవరిది? ఆ భాష బాగా వచ్చిన పెద్దవాళ్ళది. తెలుగులో అమ్మను పిలిచి, తెలుగులో ఎక్కాలు నేర్చి, ఇంగ్లీషును బడిలో ఒక పాఠంగా చదువుకున్న పిల్లది కాదు. ఆమెకు ఎంతసేపు పట్టాలి? దానికీ ఒక లెక్క ఉంది. న్యూజిలాండ్‌లో పాల్ నేషన్ అనే భాషాశాస్త్రవేత్త, మార్సెలా హు అనే పరిశోధకురాలితో కలిసి 2000లో ఒక పరిశోధన వెలువరించాడు. పరభాషలో ఒక కథను ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదువుకోవాలంటే నూటికి తొంభై ఎనిమిది మాటలు ముందే తెలిసి ఉండాలని దాని సారాంశం.

తొంభై ఎనిమిదికీ తొంభై ఐదుకూ పెద్ద తేడా ఏముందని మనకు తోస్తుంది. పరీక్షలో అయితే రెండూ గొప్ప మార్కులే! కాని ఇరవై వేల మాటల నవలికలో నూటికి రెండు తెలియకపోతే నాలుగు వందలు. నూటికి ఐదు తెలియకపోతే వెయ్యి. మాటకు రెండేసి నిమిషాల చొప్పున నిఘంటువు తిరగేస్తే, వెయ్యి మాటలకు ముప్పైమూడు గంటల పైచిలుకు. రోజుకు మూడు గంటలు కూర్చునే పిల్లకు అది ఎన్ని రోజులు? వేళ్ళు మడవండి: పదకొండు.

చూసినమాటే మళ్ళీ వస్తుంది గనుక కొంత తగ్గుతుందని మీరు అనవచ్చు. నిజమే. కాని నిఘంటువులో దొరికినా ఇక్కడ అతకని అర్థాలు ఆ తగ్గినదాన్ని మళ్ళీ పెంచేస్తాయి. మా మేనకోడలు ఒక నోటుపుస్తకంలో తెలియని మాటలన్నీ రాసిపెట్టుకుంది. దాని మొదటి పుటలోని మొదటి మాట డాయిల్ కథ పేరే: కార్బంకుల్. ఇంట్లో ఉన్న చిన్న నిఘంటువు దానికి "రాచపుండు" అని అర్థం చెప్పింది. నీలి రాచపుండు పోయిందని లండను నగరమంతా ఎందుకు గగ్గోలు పెడుతోందో, తెచ్చిచ్చినవారికి బహుమానం ఎందుకు ప్రకటించారో పాపం ఆ పిల్లకు ఎంతకీ బోధపడలేదు. పూర్వం ఎర్రని రత్నాన్ని కూడా ఆ పేరుతోనే పిలిచేవారు. ఎర్రగా ఉండవలసిన రాయి నీలంగా ఉండడమే ఆ కథలో వింత.

రెండో మాట ఇంకా చిన్నది: క్రాప్. ఆ రత్నం ఒక బాతు "క్రాప్"లో దొరికిందని కథ. నిఘంటువు "పంట" అంది. మన తెలుగులో క్రాపు అంటే తల వెంట్రుకల సంగతి. బాతుకు పంట ఏమిటి, క్రాపు ఏమిటి? పక్షులు మింగిన గింజలను మెడ దగ్గర కాసేపు దాచుకునే సంచికి కూడా ఆ పేరే ఉంది. ఈ ఒక్క ఏకాక్షరం వెనక ఆమె ఒక పూట తిరిగింది.

ఇక సులభం, కఠినం అనే తరగతుల సంగతి. ఈ తూకానికి తండ్రి అనదగినవాడు రుడాల్ఫ్ ఫ్లెష్. వియన్నాలో పుట్టి, అమెరికాకు వలస వెళ్ళినవాడు. 1948లో ఒక సూత్రం ప్రకటించాడు. వాక్యానికి సగటున ఎన్ని మాటలు ఉన్నాయో చూసి 1.015తో గుణించండి. మాటకు సగటున ఎన్ని అక్షరాలు పలుకుతాయో చూసి 84.6తో గుణించండి. ఆ రెండింటినీ 206.835లోంచి తీసివేయండి. మిగిలింది తొంభై దాటితే చిన్నపిల్లలు కూడా చదవగలరు. ముప్పైకి దిగితే పట్టభద్రులకే అందుతుంది. అంటే పొట్టి మాటలు, పొట్టి వాక్యాలు అయితే సులభం, పొడుగైతే కష్టం.

డాయిల్ కథలోని ఆ సంగతినే నేను ఒక ఇంగ్లీషు వాక్యంగా కూర్చి ఈ తూకంలో వేశాను: "ది గూస్ హేడ్ ఎ బ్లూ స్టోన్ ఇన్ ఇట్స్ క్రాప్." తొమ్మిది మాటలు, ప్రతి మాటా ఒకే ఊపున పలికేది. వచ్చిన మార్కులు 113. నూటికి నూటపదమూడు! అంతకన్న సులభమైన వాక్యం ఉండబోదని ఫ్లెష్ గారి తీర్పు. ఒక పూటంతా మా పిల్ల ముందుకు కదలలేనిది సరిగ్గా అక్కడే.

తరవాత ఒక తెలుగు వాక్యం వేశాను: "మా అమ్మమ్మ నిన్న సాయంత్రం గుడికి వెళ్ళింది." ఆరు మాటలు, పదిహేను అక్షరాలు. ఒకటో తరగతి పిల్లవాడు కూడబలుక్కుని చదివేస్తాడు. దానికి వచ్చిన మార్కులు సున్నకు దిగువన దాదాపు పదకొండు. మా అమ్మమ్మ గుడికి వెళ్ళడం పట్టభద్రులకు కూడా అందని వేదాంతమైపోయింది! తప్పు ఫ్లెష్‌ది కాదు. ఆయన ఇంగ్లీషు కోసం తూకం చేశాడు. బియ్యం కొలిచే తవ్వతో బట్ట కొలిస్తే తవ్వనేమి అనగలం? ఇంగ్లీషువాడు నాలుగు మాటలుగా విడగొట్టి చెప్పేదాన్ని మనం ఒక్క మాటలో కలిపేస్తాం. "రాలేకపోతున్నాననుకున్నారేమో" అన్న మాట చూడండి, ఎంత పొడుగో! అది తెలియని తెలుగు ఇల్లు ఉందా? అదే "ఋతం" అన్న రెండక్షరాల మాటకు అర్థం చెప్పమంటే నా తరగతిలో సగంమంది తల దించుకుంటారు.

కాబట్టి పుస్తకంలోని కష్టం మాటల పొడుగులో ఉండదు. మరెక్కడ ఉంటుంది? ఇది క్రిస్టీ నవలికలో తేటగా కనబడుతుంది. తూర్పు దేశపు యువరాజు ఒకడు తన కెంపు పోగొట్టుకుంటాడు. దాన్ని వెతకడానికి పత్తేదారు పాయిరో పల్లెపట్టున ఉన్న ఒక పాతకాలపు భవంతికి పండుగ అతిథిగా వెళతాడు. అక్కడ ఆయన గదిలో, పుడ్డింగు తినవద్దని హెచ్చరించే ఆకాశరామన్న చీటీ ఒకటి కనబడుతుంది. ఆ తరవాత సంగతి చెప్పను. చదవబోయేవారి నోటి దగ్గర కూడు తియ్యకూడదు.

పుడ్డింగు అంటే మనవాళ్ళకు పెళ్ళి విందులో గాజు గిన్నెలో పోసే తియ్యని పదార్థం. అది కాదిది. ఎండు పళ్ళు, కొవ్వు, పిండి కలిపి, గంటల తరబడి ఉడికించి, పండుగ నాడు పైన మంట వెలిగించి మరీ బల్ల మీదికి తెచ్చే ముద్ద. అందులో వెండి నాణెం, ఉంగరం, అంగుళితొడుగు, బొత్తాము వంటివి ముందే వేసి ఉంచుతారు. నాణెం ఎవరికి వస్తే వారికి కలిమి, ఉంగరం వస్తే పెళ్ళి, బొత్తాము వచ్చిన మగవాడు బ్రహ్మచారి. ఇంగ్లండులో ఏ ఇంటి పిల్లనడిగినా చెప్పేది, అందుకని రచయిత్రి దాన్ని ఆట్టే విడమరచి చెప్పలేదు. ఆ సంగతి తెలియకుండా, తినే వస్తువులో నాణేలూ బొత్తాములూ ఎందుకు వచ్చాయని మా మేనకోడలు ఒక రోజంతా ఆలోచించింది. అవి నేరానికి సంబంధించిన ఆధారాలేమోనని నోటుపుస్తకంలో రాసి, కింద గీత కూడా గీసింది!

"మన భోగిపళ్ళలో రేగిపళ్ళతోపాటు చిల్లర డబ్బులు కలపమూ? పెళ్ళిలో బిందెలో ఉంగరం వేసి వధూవరుల చేత తీయించమూ? ఆ రెండూ కలిపి ఒక ముద్ద చేశారనుకో" అన్నాను. ఆమె ముఖం విప్పారింది. "అయితే అది ఆధారం కాదు, ముచ్చట" అని, నోటుపుస్తకంలోని గీత కొట్టేసింది. సంక్రాంతికి భోగిపళ్ళు పోస్తుంటే పసివాడి తల మీదనుంచి వజ్రం జారిపడిందని మనవాళ్ళెవరైనా ఒక నవలిక రాశారనుకోండి. మనకు అది గంటన్నర పుస్తకం. లండను పిల్లకు పదకొండు రోజులూ చాలవు. రేగిపండు దగ్గరే మూడు రోజులు పోతాయి.

మంచు సంగతి మరొకటి. తెలవారుజామున గడ్డి మీద మెరిసేది మనకు మంచే, దారి కనబడకుండా కమ్ముకునేదీ మంచే, హిమాలయాల మీద గడ్డకట్టేదీ మంచే. ఆ నవలికలో మంచు మీద పడ్డ అడుగుజాడలు ముఖ్యం. మా పిల్ల పుట్టి పెరిగింది ఒంగోలు వైపు. పొగమంచులో అడుగుజాడలు ఎలా నిలుస్తాయని ఆమెకు సందేహం. చలనచిత్రాల్లో తెల్లని కొండలను చూడకపోలేదు. కాని చూసినదాన్ని చదివినదానితో అతికించుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయాన్ని ఏ ఫోనూ లెక్కపెట్టదు.

చుట్టరికాల మాట చెప్పనే అక్కర్లేదు. ఇంగ్లీషు అపరాధ పరిశోధక నవలల్లో ఆస్తి ఎవరికి వస్తుందన్న దాని మీద కథ తిరుగుతుంది. అక్కడ "కజిన్" అన్న ఒక్క మాటతో సరిపెడతారు. మనకు పెదనాన్న కొడుకు అన్న, మేనమామ కొడుకు బావ. ఒకడికి రాఖీ కడతాం, ఒకడి పేరు చెబితే ఇంట్లో నవ్వుకుంటారు. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియకుండా తెలుగు మనసు కథలో ముందడుగు వేయదు. మా మేనకోడలు ప్రతి పాత్రకూ వరస కట్టుకుంటూ నోటుపుస్తకంలో ఒక వంశవృక్షం గీసుకుంది. గీయడానికి ఒక సాయంత్రం పట్టింది. ఇది మందబుద్ధి లక్షణమా? పత్తేదారు లక్షణం!

ఇంకొక్క సంగతి. అపరాధ పరిశోధన కథను త్వరగా చదవడమే గొప్ప అయితే, చివరి రెండు పుటలు చదివితే చాలు, నిమిషంలో తేలిపోతుంది. ఆ కథల రుచి ఆగడంలో ఉంది. నా చిన్నతనంలో అద్దె పుస్తకాల దుకాణంనుంచి కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు తెచ్చుకునేవాళ్ళం. డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు మాకు ఇంటి మనుషులు. పుస్తకం పల్చన, అద్దె రోజుకు ఇంత. అయినా హంతకుడు ఎవరో యుగంధర్ చెప్పబోయే చోట పుస్తకం మూసి, వేలు అందులోనే ఉంచి, "నువ్వు చెప్పు, నువ్వు చెప్పు" అని మిత్రులం పందేలు వేసుకునేవాళ్ళం. ఆ మూసిన కాసేపూ చదువు కాదా?

అసలు ఈ రకం కథలు పుట్టి పెరిగినది పత్రికల్లో. విల్కీ కాలిన్స్ రాసిన "మూన్‌స్టోన్" నవల మన దేశంనుంచి అపహరించిన వజ్రాన్ని గురించినది. 1868 జనవరినుంచి ఆగస్టు వరకు వారపత్రికలో ముప్పైరెండు వారాలు వచ్చింది. డాయిల్ "హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్" 1901 ఆగస్టునుంచి 1902 ఏప్రిల్ వరకు నెలకొక భాగం చొప్పున తొమ్మిది నెలలు సాగింది. నేటి లెక్కన అది నాలుగైదు గంటల పుస్తకం. తొలి పాఠకులకు పట్టినది తొమ్మిది నెలలు. వాళ్ళు మందబుద్ధులని ఎవరూ అనలేదు గదా!

మా అన్నయ్య కొడుకును చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. వాడూ శ్రద్ధగానే చదివాడు, చక్కగా ఆనందించాడు. వాడి దారి చదునైనది, ఈమెది ఎగుడు. ఇద్దరూ నడిచినది ఒకే పుస్తకం, ఒకే దూరం కాదు. డిగ్రీ దరఖాస్తులో ఏ సాహిత్యం రాసుకోవాలో అది మా మేనకోడలి ఇష్టం. బుర్ర లేదన్న కారణం మాత్రం అందులో ఉండకూడదని ఆమెకు గట్టిగా చెప్పాను. నోటుపుస్తకం చివరి పుటలు చూపించాను. మొదటి మూడు రోజులూ పుటకు పది పన్నెండు మాటలు రాసుకున్న పిల్ల, ఆఖరి రెండు రోజులూ మూడు నాలుగు మించి రాయలేదు. వేగం ఆమె కళ్ళలోకి కాదు, ఆ ఇంట్లోని మనుషులతో, ఆ పండుగతో కుదిరిన పరిచయంలోకి వచ్చింది.

ఇంట్లో పిల్లలున్నవారికి ఒక మనవి. సెలవుల్లో వాళ్ళు పుస్తకం ముగించి వస్తే "ఎంతసేపట్లో చదివావు?" అని అడగకండి. "ఎక్కడ ఆగావు?" అని అడగండి. ఆగిన చోటే వాళ్ళకు తెలియని మాట ఉంటుంది, తెలియని వంటకం ఉంటుంది, తెలియని దేశం ఉంటుంది. కాసేపు పక్కన కూర్చుంటే మన భోగిపళ్ళో, బిందెలో ఉంగరమో అక్కరకు రాకపోవు.

వారపత్రికలు చదివే మీకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. సీరియల్ చివర "సశేషం" అని ఉంటుంది. ఆ మాట చదవడానికి అర క్షణం చాలు. దాని తరవాతి చదువు ఏడు రోజులు.